పరదేశంలో పండుగ : మహాయాత్రికుడు ఇబ్న్ బతూతా

పండుగ అనగానే ప్రతి మనిషికీ మొదట జ్ఞాపకం వచ్చేది సొంత ఇల్లు. నెలవంక కోసం మిద్దె మీదికెక్కి పడమటి దిక్కు చూసే పిల్లలు, తెల్లవారకముందే షీర్ ఖుర్మాకు పాలు కాచే తల్లి, ఈద్గా నుండి మరలి వచ్చి గుండెలకు హత్తుకునే బంధువులు, వీరందరూ ఉంటేనే ఈద్. అట్లే బతుకమ్మ పేర్చే అక్కచెల్లెండ్లు, జమ్మి ఆకు చేతిలో పెట్టి అలాయ్ బలాయ్ ఇచ్చే ఊరివారు ఉంటేనే దసరా. వీరికి దూరమైన వానికి పండుగ దినం సంవత్సరంలోకెల్లా దీర్ఘమైన దినంగా తోస్తుంది. చదువు కొరకో, కొలువు కొరకో జనగామ నుండి, మానుకోట నుండి, భూపాలపల్లి నుండి బయలుదేరి దూరదేశాలకు పోయిన వారికి ఈ సంగతి ఒకరు చెప్పవలసిన పని లేదు.

అటువంటి దినాన ముందు వెనుక ఎరుగని ఒక గృహస్థు తలుపు తెరిచి లోనికి రమ్మని పిలిస్తే, ఆ అతిథి ఎంత ఋణపడతాడు? ఆ ఋణాన్ని ఏ విధంగా తీర్చగలడు? తన జీవితంలో దాదాపు 30 సంవత్సరాలు పరుల ఇండ్లలో, పరుల ఊళ్లలో పండుగలు గడిపిన ఒక ప్రసిద్ధ పురుషుని చరిత్ర ఈ ప్రశ్నకు సమాధానం ఇస్తున్నది. ఆయనే 14వ శతాబ్దపు మహాయాత్రికుడు ఇబ్న్ బతూతా.

జననం – ప్రస్థానం

ఆయన పేరు అబూ అబ్దుల్లా ముహమ్మద్ ఇబ్న్ అబ్దుల్లా. ఇబ్న్ బతూతా అన్నది వంశనామం. హిజ్రీ 703వ సంవత్సరం రజబ్ మాసంలో, అనగా 1304 ఫిబ్రవరిలో, మొరాకో దేశపు ఉత్తర తీరంలోని టాంజియర్ నగరంలో జన్మించినాడు. లవాతా అనే బెర్బర్ తెగకు చెందిన ఆ కుటుంబంలో పలువురు ఖాజీలుగా పనిచేసినవారు ఉన్నారు. వంశాచారాన్ని అనుసరించి ఆయన కూడా మాలికీ సంప్రదాయపు న్యాయశాస్త్రం అభ్యసించినాడు. అరబ్బీ భాష, న్యాయశాస్త్రం నేర్చిన వానికి ఆ కాలంలో మొరాకో మొదలుకొని చైనా రేవుల వరకు మసీదులలో, మదరసాలలో, రాజుల కొలువులలో ఆదరణ లభించేది. కనుక ఆ విద్యయే తరువాతి కాలంలో ఆయనకు దారిబత్తెం అయినది.

1325 జూన్ 14వ తేదీన, 21 ఏండ్ల ప్రాయంలో, హజ్ యాత్ర సంకల్పించి ఆయన ఒంటరిగా ఇల్లు విడిచినాడు. తోడుగా స్నేహితుడు లేడు, వెంట నడిచే బిడారు లేదు. తలిదండ్రులు ఇద్దరూ జీవించి ఉన్నారు. వారిని విడువడం ఆయనకు ఎంత బాధ కలిగించినదో, వారికీ అంతే బాధ కలిగించినది. మక్కాకు పోయి మరలి రావలెనన్నదే నాటి సంకల్పం. కాని ఆయన మళ్ళీ స్వదేశపు నేల మీద కాలు మోపేసరికి 24 సంవత్సరాలు గడిచిపోయినవి. అప్పటికి ఇంట ఎదురు చూసేవారు లేరు.

కన్నీటితో తొలి నగరప్రవేశం

ప్రయాణపు మొదటి నెలలలోనే జ్వరం పట్టుకున్నది. బిజాయా పట్టణంలో ఆగి కోలుకొమ్మని పెద్దలు హితవు చెప్పినా ఆయన వినలేదు. చావు రాసిపెట్టి ఉంటే అది మక్కా దారిలోనే రానిమ్మన్నది ఆయన పట్టుదల. కాన్‌స్టాంటీన్ నగరం వెలుపల రాత్రి కురిసిన కుండపోత వానకు డేరాలు నిలువలేదు. మరునాడు మురికి పట్టిన ఆయన బట్టలు చూసి ఆ నగరపాలకుడు వాటిని తన ఇంట ఉతికించినాడు. అంతేకాదు, బాల్బెక్ నేత వస్త్రం ఒకటి ఇచ్చి, దాని కొంగున రెండు బంగారు దీనారాలు ముడివేసి పంపినాడు. పరదేశంలో పరుని చేతి నుండి ఆయన అందుకున్న మొదటి దానం అదే.

అక్కడి నుండి ట్యూనిస్ వరకు జ్వరం వదలలేదు. నీరసంతో గుర్రం మీది నుండి పడిపోతానన్న భయంతో తలపాగా గుడ్డతో తన్ను తాను జీనుకు కట్టుకొని ప్రయాణం సాగించినాడు. బిడారు ట్యూనిస్ చేరినప్పుడు నగరవాసులు ఎదురు వచ్చి తమ తమ బంధుమిత్రులకు సలాములు చెప్పి, కుశలం అడిగి, వెంట తీసుకొని పోయినారు. ఈ యువకుని పలుకరించినవారు ఒక్కరూ లేరు. ఆయనకు దుఃఖం పొంగి వచ్చి అందరి ఎదుట కన్నీరు కార్చినాడు. అది గమనించిన ఒక యాత్రికుడు దగ్గరికి వచ్చి సలాము చేసి, నగరంలో బస చేరేవరకు కబుర్లు చెప్పుతూ వెంట నడిచినాడు. ఆ మనిషి చేసినది ఒక్క పలుకరింపు మాత్రమే. అయినా 30 ఏండ్ల తరువాత తన జీవితకథ చెప్పే వేళ ఇబ్న్ బతూతా ఆ పలుకరింపును మరువలేదు.

ఇంటికి దూరంగా ఆయన గడిపిన తొలి ఈదుల్ ఫితర్ ట్యూనిస్‌లోనే వచ్చినది. అది 1325 సెప్టెంబరు. నగరవాసులు మంచి దుస్తులు ధరించి నమాజు మైదానంలో గుమిగూడినారు. సుల్తాను గుర్రం మీద వచ్చినాడు. నమాజు ముగిసిన తరువాత ఎవరి ఇండ్లకు వారు మరలినారు. ఇబ్న్ బతూతా మాత్రం తాను దిగిన మదరసాకు మరలినాడు. ఆపై హజ్‌కు పోయే బిడారు తయారైనప్పుడు, ఈ యువకుని న్యాయశాస్త్ర విద్య చూసి ఆ బిడారువారు ఆయననే తమ ఖాజీగా నియమించుకున్నారు. ఆ ఏటి బక్రీదు దారిలోని ఒక మజిలీలోనే గడిచిపోయినది.

డమాస్కస్‌లో రంజాన్

అలెగ్జాండ్రియా, కైరో నగరాలు చూసి, ఎర్ర సముద్రం మీదుగా పోయే దారి మూతపడినందున వెనుకకు మరలి, పాలస్తీనా మార్గాన 1326 ఆగస్టు 9వ తేదీన ఆయన డమాస్కస్ చేరినాడు. అది రంజాన్ మాసం తొమ్మిదవ దినం. ఉర్దూలో మనం దమిష్క్ అని పిలిచే ఈ నగరాన్ని ఆయన మిక్కిలి ప్రేమించినాడు. ఆ ప్రేమకు కారణం మసీదుల సౌందర్యం ఒక్కటే కాదు, ఆ ఊరి దానధర్మాల పద్ధతి కూడా.

డమాస్కస్‌లోని వక్ఫు ఆస్తుల రాబడి ఎన్నెన్నో పనులకు వినియోగం అయ్యేది. హజ్‌కు పోలేని వారి పక్షాన మరొకరిని పంపడానికి ఒక వక్ఫు, పేదింటి ఆడపిల్లల పెండ్లి ఖర్చుకు ఒక వక్ఫు, దారి నడిచే పరదేశుల తిండిబట్టలకు ఒక వక్ఫు ఉండేవి. ఒకనాడు వీధిలో ఒక బానిస బాలుడు చేతిలోని చైనా పింగాణీ పళ్లెం జారవిడిచి పగులగొట్టి, యజమాని కొడతాడని భయంతో వణుకుతూ నిలిచినాడు. చుట్టూ చేరిన వారిలో ఒకరు ముక్కలు ఏరుకొమ్మని చెప్పి, పగిలిన పాత్రల కొరకే ఏర్పాటైన వక్ఫు అధికారి వద్దకు బాలుని తోడుకొని పోయినాడు. ఆ అధికారి ముక్కలు చూసి కొత్త పళ్లెం ధర చెల్లించినాడు. పగిలిన పళ్లెం మాట అటుంచి, బెదిరిన పసిగుండెను కాపాడిన ఆ ధర్మం ఇబ్న్ బతూతా మనసులో నాటుకున్నది.

రంజాన్ రాత్రులలో ఆ ఊరివారు ఎవరూ ఒంటరిగా ఉపవాసం విడువరు. అమీర్లు, ఖాజీలు తమ స్నేహితులనూ పేదలనూ పిలిచి ఇఫ్తార్ విందు చేస్తారు. వర్తకులూ అంగళ్లవారూ తమ శక్తి కొలది అదే చేస్తారు. పేదలు ప్రతి రాత్రి తమలో ఒకరి ఇంటనో, మసీదులోనో చేరి, ఎవరికి ఉన్నది వారు తెచ్చి పంచుకొని తింటారు. ఈ ఆచారం వల్లనే ఇబ్న్ బతూతాకు నూరుద్దీన్ సఖావీ అనే పండితునితో పరిచయం కలిగినది. ఆయన మాలికీ న్యాయశాస్త్రం బోధించే ఆచార్యుడు. తమ సంప్రదాయమే అనుసరించే ఈ పడమటి దేశపు యువకుని చూసి, రంజాన్ రాత్రులు తన ఇంటనే ఇఫ్తార్ చేయవలసిందిగా కోరినాడు.

నాలుగు రాత్రులు గడిచినవి. ఐదవనాడు అతిథి రాలేదు, మళ్ళీ జ్వరం. నూరుద్దీన్ మనిషిని పంపినాడు. అనారోగ్యం సాకు చెప్పినా ఒప్పుకోలేదు. చేసేది లేక ఇబ్న్ బతూతా వెళ్ళి ఆ రాత్రి అక్కడ ఉన్నాడు. ఉదయం సెలవు తీసుకోబోతే గృహస్థు పోనివ్వలేదు. ఈ ఇంటిని నీ ఇల్లుగా భావించుము, కాకుంటే నీ తండ్రి ఇల్లో, సోదరుని ఇల్లో అనుకొనుము అని చెప్పి ఆపినాడు. వైద్యుని పిలిపించినాడు. వైద్యుడు చెప్పిన మందులూ, పథ్యపు వంటలూ అన్నీ ఆ ఇంటనే తయారు చేయించినాడు. ఈ విధంగా మాసాంతం వరకు ఆ పరదేశి ఆ ఇంటి కొడుకువలె పడకమీద ఉన్నాడు.

ఈద్ దినం వచ్చినది. లేచి నమాజు మైదానానికి వెళ్ళేసరికి జ్వరం విడిచినది. కాని చేతిలో చిల్లిగవ్వ మిగులలేదు. షవ్వాల్ నెలవంకతోనే హజ్ బిడారు నగరం దాటి బయలుదేరవలసి ఉన్నది. ఈ బిడారు తప్పితే ఆ ఏటి హజ్ తప్పినట్లే. సంగతి తెలిసిన నూరుద్దీన్ అతనికి ఒంటెలు కిరాయికి కుదిర్చినాడు. దారిబత్తెం కట్టించి, పైపెచ్చు అవసరానికి పనికివస్తుందని కొంత ధనం ఇచ్చినాడు. ఆతిథ్యం పండుగ పూటతో ముగియలేదు. అతిథి గమ్యం చేరే ఏర్పాటు వరకు సాగినది. ఆ ఏటి చివర ఇబ్న్ బతూతా తన మొదటి హజ్ పూర్తిచేసినాడు.

చెప్పులు కుట్టేవాని విందు

హజ్ పూర్తయిన తరువాత ఇల్లు చేరవలసినవాడు, తూర్పు దిక్కు పిలుపుకు లోబడినాడు. ఇరాక్, ఇరాన్, యెమెన్, తూర్పు ఆఫ్రికా రేవులు చూసి, 1330 తరువాతి తొలి సంవత్సరాలలో నేటి టర్కీ దేశపు అనటోలియాకు వచ్చినాడు. అక్కడ తురుష్క భాష తెలియక ఆయన పడిన పాట్లు నవ్వు పుట్టిస్తాయి. ఒక ఊరిలో నేయి కొని తెమ్మని మనిషిని పంపితే అతడు గడ్డి తెచ్చినాడు. అరబ్బీలో నేతిని సమ్న్ అంటారు. ఆ దుకాణదారుని భాషలో దాదాపు అదే పలుకుబడి గల మాటకు గడ్డి అని అర్థం. నేతికి వారు రోగన్ అని పారసీక పదమే వాడుతారు. ఉర్దూ ఎరిగిన మన విద్యార్థులు ఆ నాడు అక్కడ ఉండి ఉంటే నేయి సులభంగా దొరికేది.

భాష రాని ఆ దేశంలో ఆయనను ఆదుకున్నవారు అఖీలు. వీరు చేతిపనుల వారి సంఘాలకు నాయకులు. సంఘసభ్యులు పగలంతా పనిచేసి, సంపాదన సాయంకాలం నాయకుని చేతికి ఇచ్చేవారు. దానితో పండ్లు, ఆహారం కొని, ఊరికి వచ్చిన బాటసారులకు తమ మఠంలో విందు చేసేవారు. బాటసారులు రాని దినాన తామే కలిసి భుజించేవారు. అంతల్యా పట్టణంలో మాసిన బట్టలు, ఉన్నిటోపీ ధరించిన ఒక మనిషి వచ్చి విందుకు పిలిచినప్పుడు, ఈ పేదవాడు మాకేమి పెట్టగలడు, అతనికి భారం కాకూడదు అని ఇబ్న్ బతూతా సంకోచించినాడు. ఆ పిలిచినవాడు చెప్పులు కుట్టే పనివాడనీ, వివిధ వృత్తులకు చెందిన సుమారు 200 మంది అతనిని నాయకునిగా ఎన్నుకొన్నారనీ తరువాత తెలిసినది. ఆ రాత్రి చక్కని తివాచీలు, గాజు దీపాలు గల మఠంలో విందు జరిగినది. దుస్తులు చూసి మనిషిని అంచనా వేయరాదన్న సత్యం ఆ విందులో బోధపడినది.

లాదిఖ్ పట్టణంలో మరొక వింత. నేడు దానిని దెనిజ్లి అంటారు. బజారులో ప్రవేశించగానే కొందరు యువకులు దుకాణాల నుండి దిగివచ్చి గుర్రాల కళ్ళేలు పట్టుకున్నారు. మరికొందరు వచ్చి వారితో పెనుగులాడి కత్తులు దూసినారు. దొంగలే అనుకొని యాత్రికులు భయపడినారు. అరబ్బీ తెలిసిన ఒకరు వచ్చి విషయం వివరించినాడు. ఇవి రెండు అఖీ సంఘాలు, అతిథులు మా ఇంట దిగాలంటే మా ఇంట దిగాలని తగవు పడుతున్నారు అని. చివరకు చీటీ వేసి మొదటి వంతు ఒకరికి, రెండవ వంతు మరొకరికి అని తీర్మానించుకున్నారు.

ఆ ఏటి ఈదుల్ ఫితర్ ఇబ్న్ బతూతా వారితోనే గడిపినాడు. ప్రతి వృత్తివారూ తమ తమ జెండాలు, బాకాలు, డోళ్ళతో బయలుదేరినారు. ఆవులను, గొర్రెలను, బండెడు రొట్టెలను వెంట తెచ్చుకున్నారు. అందరూ మొదట శ్మశానానికి పోయి, పశువులను కోసి, ఆ మాంసమూ రొట్టెలూ పేదలకు పంచి, ఆపైననే నమాజుకు పోయినారు. చనిపోయినవారిని తలచి, లేనివారికి పెట్టి, తరువాతనే తమ పండుగ. నమాజు ముగిసిన పిమ్మట సుల్తాను భవనంలో పండితులకూ అఖీలకూ ఒక పంక్తి, పేదసాదలకు మరొక పంక్తి వేసి భోజనాలు పెట్టినారు. ఆ దినం ధనికుడు గాని, దరిద్రుడు గాని ఆ గుమ్మం నుండి వెనుకకు మరలలేదు.

ఢిల్లీ కొలువు – తిలంగ్ దేశం

ఆయన సింధునది దాటి ఢిల్లీ చేరిననాడు సుల్తాను ముహమ్మద్ బిన్ తుగ్లక్. యువరాజుగా ఉన్నప్పుడు 1323లో ఓరుగల్లు కోటను జయించి, దానికి సుల్తాన్‌పూర్ అని పేరు పెట్టినవాడు ఇతడే. నేటి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాలు ఆ కాకతీయ రాజ్యపు నడిగడ్డ. ఇబ్న్ బతూతా పాదం ఓరుగల్లు నేల మీద పడలేదు. కాని తిలంగ్ అనే పేరుతో మన దేశం ఆయన గ్రంథంలో చోటు చేసుకున్నది. తుగ్లక్ సైన్యం తిలంగ్‌లో మహమ్మారి పాలైన సంగతి ఆయన వ్రాయించినాడు. ఆయన ఢిల్లీలో ఉన్న కాలంలోనే, 1336 ప్రాంతంలో, ఓరుగల్లు ముసునూరి కాపయనాయకుని వశం అయినది. తరువాత ఆయన గుజరాతులోని కంబే రేవు చేరినప్పుడు అక్కడి పాలకుని పేరు ముక్బిల్ తిలంగీ. పేరే చెప్పుతున్నది, ఆయన మూలం మన తెలుగు నేల అని.

పరదేశుల పట్ల తుగ్లక్‌కు అపారమైన ఆదరం. వారిని పరదేశులు అనరాదనీ, ప్రియమైనవారు అనే అర్థంలో అజీజులు అని పిలువవలెననీ ఆజ్ఞ ఇచ్చినాడు. ఇబ్న్ బతూతాను ఢిల్లీ ఖాజీగా నియమించి సాలుకు 12,000 దీనారాల జీతం ఏర్పాటు చేసినాడు. ఢిల్లీ ఈద్ వైభవం వేరు. ఖతీబు ఏనుగు మీద కూర్చుండి నమాజుకు వెళ్ళేవాడు. మువజ్జిన్లు ఏనుగుల మీదనే తక్బీర్ చదివేవారు. అయినా ఆ నగరంలో ఆయనకు మిగిలిన గాఢమైన జ్ఞాపకం దుఃఖానిది. ఢిల్లీ చేరిన నెలన్నరకే ఏడాది నిండని ఆయన కూతురు చనిపోయినది. సుల్తాను ఊరిలో లేడు. వజీరు అంత్యక్రియలు తానే జరిపించి, మూడవనాటి కార్యానికి స్వయంగా వచ్చినాడు. సుల్తాను తల్లి మఖ్దూమా జహాన్ ఆ బిడ్డను కన్న తల్లిని తన అంతఃపురానికి పిలిపించి, ఓదార్చి, కానుకలతో పంపినది. పండుగనాడు పిలిచేవారు చాలామంది ఉంటారు. చావునాడు వచ్చేవాడే ఆప్తుడు.

రాజుల ఆతిథ్యంలో ఉండే అపాయం కూడా ఆయన చవిచూసినాడు. విచ్చలవిడిగా ఖర్చు చేసి 55,000 దీనారాల అప్పు చేసినాడు. సుల్తానే అది తీర్చవలసి వచ్చినది. తరువాత సుల్తాను ఆగ్రహించిన ఒక సూఫీని దర్శించిన నేరానికి కావలి నడుమ ప్రాణభయంతో ఉపవాసాలు చేసినాడు. బయటపడిన తరువాత ఉన్నదంతా వదలుకొని ఒక సాధువును ఆశ్రయించినాడు. 1342లో సుల్తాను మళ్ళీ పిలిచి చైనాకు రాయబారిగా పంపినాడు. ఢిల్లీ దాటిన కొద్దికాలానికే అలీగఢ్ దగ్గర దోపిడీదారుల చేత చిక్కి, తప్పించుకొని, దినాల తరబడి అడవిలో తిరిగి సొమ్మసిల్లినాడు. దిల్షాద్ అనే అర్థం వచ్చే పేరు చెప్పిన ఒక బాటసారి నీళ్ళు ఇచ్చి, భుజాల మీద ఎత్తుకొని ఊరు చేర్చినాడు. రాజు ఇచ్చిన వేల దీనారాలు నిలువలేదు. ఆ భుజాల ఋణం మాత్రం నిలిచినది.

ఇరువది ఏండ్ల తరువాత ఆ నగరమే

కాలికట్ రేవులో తుఫానుకు ఓడలు పోయినవి. మాల్దీవులలో ఖాజీ పదవి, సింహళం, బెంగాలు, సుమత్రా, చైనా, ఇవన్నీ దాటి, 1348లో ఆయన మళ్ళీ డమాస్కస్ చేరినాడు. ఆ నగరం విడిచి ఇరువది ఏండ్లు దాటినవి. ఆనాడు అక్కడ గర్భవతి అయిన ఒక భార్యను వదలి వెళ్ళినాడు. ఆమె కొడుకును కన్నదని ఇండియాలో ఉండగా తెలిసి, బిడ్డ మాతామహునికి 40 బంగారు దీనారాలు పంపినాడు. ఆ కొడుకును ఆయన ఎన్నడూ చూడలేదు.

నగరం చేరగానే ఆయన మసీదుకు పోయినాడు. అక్కడ మాలికీల ఇమాముగా ఉన్న వృద్ధుడు కనిపించినాడు. ఆయనే నూరుద్దీన్ సఖావీ. ఇబ్న్ బతూతా సలాము చేసినాడు. నూరుద్దీన్ ఆయనను గుర్తించలేదు. ఒకప్పుడు సొంత కొడుకువలె పడకమీద ఉంచుకొని పథ్యం పెట్టించిన మనిషి ముఖం ఆ గృహస్థునికి జ్ఞాపకం లేదు. ఇంతమంది పరదేశులకు అన్నం పెట్టిన చేయి ఒక్కొక్కరిని లెక్క పెట్టుకోదు కాబోలు. ఇబ్న్ బతూతా తానెవరో చెప్పుకొని, తన కొడుకు సంగతి అడిగినాడు. 12 ఏండ్ల క్రిందటే చనిపోయినాడని నూరుద్దీన్ చెప్పినాడు. టాంజియర్ నుండి వచ్చిన ఒక పండితుడు ఊరిలోనే ఉన్నాడని కూడా తెలిపినాడు. ఆ పండితుని కలిస్తే, తండ్రి మరణించి 15 ఏండ్లు అయినదనీ, తల్లి మాత్రం జీవించి ఉన్నదనీ తెలిసినది.

అది ప్లేగు మహమ్మారి ప్రపంచాన్ని చుట్టుముట్టిన సంవత్సరం. ఆ జూలైలో డమాస్కస్ ప్రజలు మూడు దినాలు ఉపవాసం ఉండి, చివర అందరూ కలిసి నగరం వెలుపలి మసీదుకు కాలినడకన పోవడం ఇబ్న్ బతూతా చూసినాడు. ముస్లింలు ఖురాన్ చేతబట్టి, యూదులు తోరా చేతబట్టి, క్రైస్తవులు ఇంజీల్ చేతబట్టి, అమీర్లు పాదరక్షలు లేకుండా, స్త్రీలూ పిల్లలూ వెంట రాగా ఒకే బాటన నడిచినారు. ఆపద ఒక్కటైనప్పుడు ప్రార్థన కూడా ఒక్కటైనది.

1349లో ఆయన మొరాకోలో ప్రవేశించి తాజా పట్టణం చేరేసరికి, తల్లి ప్లేగుతో చనిపోయినదన్న వార్త ఎదురు వచ్చినది. టాంజియర్‌లో ఆయన దర్శించగలిగినది తల్లి సమాధిని మాత్రమే.

గ్రంథరచన – అంతిమదశ

ఆ తరువాత స్పెయిన్ దేశపు గ్రెనడా, సహారా ఎడారికి ఆవల ఉన్న మాలీ రాజ్యం కూడా చూసి వచ్చినాడు. మాలీ సుల్తాను పంపిన స్వాగతపు కానుక మూడు రొట్టెలు, కొంత మాంసం, ఒక బుర్ర పెరుగు అని తెలిసి ఆయన నవ్వినాడు. ఢిల్లీ దీనారాలకు అలవాటుపడిన కన్నుకు అది చిన్నదిగా కనిపించినది. ఒకప్పుడు కొంగున ముడివేసిన రెండు దీనారాలకు పొంగిపోయిన యువకునికీ, ఈ ప్రౌఢునికీ మధ్యగల దూరం మనం గమనించదగినది.

మొరాకో సుల్తాను అబూ ఇనాన్ ఆజ్ఞ మేరకు ఆయన చెప్పగా, ఇబ్న్ జుజయ్య్ అనే పండితుడు యాత్రాకథనమంతా వ్రాసినాడు. 1355 డిసెంబరులో ముగిసిన ఆ గ్రంథం రిహ్లా అనే పేరుతో లోకప్రసిద్ధం. అందులోని కొన్ని నగరవర్ణనలు అంతకుముందటి యాత్రికుడు ఇబ్న్ జుబైర్ గ్రంథం నుండి తీసుకున్నవనీ, కొన్ని తేదీలు ఒకదానితో ఒకటి పొసగవనీ పరిశోధకులు తేల్చినారు. అయినా ఆ కాలపు మనుషులు పరదేశిని ఎట్లా ఆదరించినారో తెలిపే సాక్ష్యంగా దానికి సాటి వేరొకటి అరుదు. శేషజీవితం మొరాకోలోనే ఖాజీగా గడిపి, 1368–69 ప్రాంతంలో ఆయన కన్నుమూసినాడు.

మనం గ్రహించవలసినది

ఇబ్న్ బతూతా దోషరహితుడు కాడు. పోయిన ప్రతిచోటా వివాహాలు చేసుకొని, విడిచి సాగిపోయినాడు. ఆయన యాత్రకు మూల్యం చెల్లించినవారిలో ఆ భార్యలు, ఎన్నడూ తండ్రిని చూడని ఆ కొడుకు, ఎదురు చూస్తూ కన్నుమూసిన తలిదండ్రులు ఉన్నారు. ఈ లెక్కను కప్పిపుచ్చి ఆయనను పొగడడం న్యాయం కాదు.

అయితే ఒక్క విషయంలో ఆయన నమ్మకంగా ప్రవర్తించినాడు. అన్నం పెట్టినవారి పేర్లు మరువలేదు. నూరుద్దీన్ సఖావీకి అతిథి ముఖం జ్ఞాపకం లేదు. అతిథికి మాత్రం ఆ ఇల్లు, ఆ నాలుగు రాత్రులు, ఆ వైద్యుడు, ఆ ఒంటెలు అన్నీ జ్ఞాపకం ఉన్నవి. పెట్టినవాడు మరచిపోవడం గొప్పతనం. తిన్నవాడు జ్ఞాపకం ఉంచుకోవడం ధర్మం. ఇంతకంటె వేరు విధంగా ఆ ఋణం తీరదు. ఆ ధర్మం నెరవేరినందువల్లనే డమాస్కస్‌లోని ఒక గృహస్థు పేరు 650 ఏండ్లు దాటిన తరువాత తెలుగు నేలపై మనం చదువగలుగుతున్నాము.

మన జిల్లాలలో ఈ సంప్రదాయం కొత్తది కాదు. పీర్ల పండుగలో ముస్లింల వెంట హిందువులూ పీర్లను మొక్కుతారు. భూపాలపల్లి గని కార్మికుల వాడలలో ఎక్కడెక్కడి నుండో బ్రతుకుతెరువుకు వచ్చినవారు పక్కపక్క ఇండ్లలో పండుగలు చేసుకుంటారు. మానుకోట రైలు దిగి, జనగామ బస్సు ఎక్కి చదువులకు వచ్చిన విద్యార్థులు సెలవు దొరకక వసతిగృహంలోనే ఉండిపోయే పండుగలు ఉంటాయి. గల్ఫ్ దేశాలలో కొలువు చేసేవారు సొంత పిల్లల ఈద్ దుస్తులు ఫోటోలో చూసుకొని తృప్తి పడతారు. వారిలో ఎవరినో ఒకరిని ఎవరో ఒకరు పలుకరించే ఉంటారు. ఒక గిన్నె సేమియా, ఒక విస్తరి అన్నం పెట్టే ఉంటారు.

విద్యార్థులకు చేసే మనవి ఇంతే. మీరు గృహస్థులైన నాడు మీ వీధిలో ఒంటరిగా కనిపించే పరదేశిని పండుగ పూట పలుకరించండి. ఆ మేలును మీరు మరచిపోయినా దోషం లేదు. మీరు పరదేశులైన నాడు మిమ్మల్ని పలుకరించిన వారి పేరు, ఊరు అడిగి తెలుసుకోండి. ఇంటికి వ్రాసే ఉత్తరంలో ఆ పేరు వ్రాయండి. మీ పిల్లలకు ఆ పేరు చెప్పండి.